చెవులున్న పుట్ట

నేను ఒక పుట్టను.

ఆగండి, చెప్పులు విప్పకండి. చేతులు జోడించాల్సిన పని కూడా లేదు. నా బాధంతా అదే. నేను చెదపురుగులు కట్టిన పుట్టను కాను. ఇనుప ఊచలు, కోళ్ళగూళ్ళకు కట్టే ఇనుప మెష్షు, సిమెంటు, ఇసుక, ఆ పైన ఎర్రమట్టి పూత, ఇంతే నేను. విజయనగరం జిల్లా చినమేడపల్లి హైస్కూలు ఆవరణలో, ప్రార్థన జరిగే చోటికీ వంటపాకకీ మధ్య నిలబడి ఉంటాను. మొదట్లో నన్ను శిల్పం అన్నారు. తర్వాత తల్లి అన్నారు. నన్ను కట్టింది మాత్రం పిల్లల కోసం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని మిగతాది వినండి. ఎందుకంటే ఊళ్ళో అది ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు, గుర్తున్నవాళ్ళు నోరు విప్పరు.

నాకంటే ముందు ఇక్కడ నిజం పుట్ట ఒకటి ఉండేదట. నేను చూడలేదు, విన్నాను. వినడమే కదా నా పని. కొత్త తరగతి గదులకు పునాదులు తీస్తూ పొక్లెయిన్‌తో దాన్ని ఒక్క పెట్టున లేపేశారు. ఊరి ప్రెసిడెంటు గొర్లె రామ్మూర్తి గారు గొడుగు వేసుకుని పక్కన నిలబడి చూశారు. ఆ వారంలోనే ఆయనకు చెవిపోటు పట్టుకుంది. చలిగాలికి వచ్చిందో, పొక్లెయిన్ రొదకు వచ్చిందో నాకు తెలియదు. ఊరు మాత్రం పుట్ట ఉసురు తగిలిందని తేల్చేసింది. ఆయన పైకి కొట్టిపారేశారు గానీ చెవిలో దూది ఎండాకాలంలో కూడా తీయలేదు.

ఆ పుట్ట పోయినందుకు నిజంగా బాధపడింది ఒక్క మనిషే, సైన్సు చెప్పే కుసుమ టీచరు. ఆమెది భక్తి కాదు. ఏటా పిల్లల్ని దాని దగ్గరికి తీసుకెళ్ళి, లోపల గాలి ఆడటానికి చెదలు దారులు ఎలా తొలుచుకుంటాయో చూపించేది. ఇప్పుడు పాఠం మిగిలింది, చూపించడానికి పుట్ట లేదు. సరిగ్గా అప్పుడే, బడి ఆవరణలో ప్రకృతిని గుర్తుచేసే శిల్పం ఒకటి పెట్టించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టరు గారు తామరపువ్వు అన్నారు, హంస అన్నారు, భూగోళాన్ని మోస్తున్న చేతులు అన్నారు. కుసుమ టీచరు పుట్ట అంది.

"పుట్టేమిటమ్మా, బొమ్మలు కరువయ్యాయా?" అన్నారాయన.

"హంసను మన పిల్లలు ఒక్కరూ చూడలేదు సార్. పుట్టను అందరూ చూశారు, కానీ భయపడుతూ దూరం నుంచి చూశారు. దగ్గరికెళ్ళి చెవి ఆనించి వినే పుట్ట ఒకటి మన బళ్ళో ఉంటే బాగుంటుంది."

హెడ్మాస్టరు గారికి బాగుండటం, బాగుండకపోవడం పట్టదు. ఉత్తర్వు ప్రకారం ఏదో ఒకటి నిలబడితే చాలు. సరేనన్నారు. అలా నేను ఒకరి పంతం వల్ల, ఇంకొకరి బద్ధకం వల్ల పుట్టాను. మీలో చాలామంది కూడా అలాగే పుట్టి ఉంటారు గనక ఇందులో నేను సిగ్గుపడేదేం లేదు.

నన్ను కట్టడానికి లెంక అప్పలసూరి వచ్చాడు. అందరూ సూరి మాస్టారంటారు. ఆ చుట్టుపక్కల నాలుగు రోడ్ల కూడళ్ళలో వేలు చాపి నిలబడ్డ నాయకులంతా ఆయన చేతిలోంచి వచ్చినవాళ్ళే. గుడి గోపురాల మీద కోరలు చూపించే ద్వారపాలకులూ ఆయన బిడ్డలే. నా సంగతి చెప్పగానే తల గోక్కున్నాడట.

"టీచరమ్మా, నాను దేవుళ్ళని సేసినాను, నాయకుల్ని సేసినాను. పుట్టని సేయమన్నోళ్ళు మీరే. దీనికి ముందేటి, ఎనకేటి?"

"ముందూ వెనకా లేకపోవడమే దాని అందం మాస్టారూ. రండి, చూపిస్తాను," అని ఆమె ఆయన్ని ఊరి బయట జీడితోటలోకి తీసుకెళ్ళింది. అక్కడ మనిషెత్తు పుట్ట ఒకటి ఉంది. మాస్టారు దాని ఎదుట గొంతుక్కూర్చుని పొద్దెక్కేదాకా లేవలేదు. వేలితో దాని మడతలన్నీ తడిమాడు. చివరికి లేచి, "ఇది కట్టిన పురుగుకి నా దణ్ణం," అన్నాడు. ఆ మాట అన్న మనిషి మీద నాకు ఎంత నమ్మకం ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి.

నన్ను కట్టినన్నాళ్ళూ ఆయన వేరే పని ఒప్పుకోలేదు. ఊచలు వంచి అస్థిపంజరం చేశాడు, మెష్షు చుట్టాడు, సిమెంటు ముద్దలు చేత్తోనే మెత్తాడు, తాపీ ముట్టుకుంటే నునుపు వచ్చేస్తుందని దాన్ని దూరంగా పెట్టాడు. పై పూత ఎర్రమట్టి పిల్లల చేతనే పూయించాడు. అన్నిటికంటే ముఖ్యం, నా కడుపులోంచి పీవీసీ గొట్టాలు వేశాడు. ఇటు కన్నంలో గుసగుసలాడితే అటు కన్నంలో వినబడుతుంది. అంటే నాకు చెవులూ నోళ్ళూ వేరువేరుగా లేవు. మీరు మాట్లాడితే అది నా చెవి, మీరు వింటే అది నా నోరు. ఇది కూడా గుర్తుంచుకోండి, మళ్ళీ చెప్పించకండి.

బొమ్మలు చేసేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఒళ్ళంతా పూర్తయినా కళ్ళు మాత్రం ఆఖరున తెరుస్తారు. కళ్ళు తెరిచేదాకా అది సిమెంటే, తెరిచాక దానికో ప్రాణం వచ్చినట్టు లెక్క. సూరి మాస్టారు నా చుట్టూ తిరిగి తిరిగి ఆగిపోయాడు.

"టీచరమ్మా, దీనికి కళ్ళు నేవు. మరి ఆఖరికి ఏటి తెరవాల?"

"చెవులు తెరవండి," అంది కుసుమ టీచరు.

సిమెంటు లోపలికి పోకుండా కన్నాల్లో కుక్కిన తడి గోనెపట్టాల్ని ఆయన ఒక్కొక్కటే లాగేశాడు. లోపలికి గాలి వచ్చింది. ఒక కన్నం దగ్గర నోరు పెట్టి, "ఇనబడతందా?" అన్నాడు. అటువైపు చెవి ఆనించి వంగి ఉన్న కుసుమ టీచరు, "వినబడుతోంది," అంది. నా ఒంట్లోంచి నడిచిన మొదటి మాటలు అవే. నాకు అవే ప్రాణం పోశాయి.

ఆ తర్వాతి రోజుల గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. ఇంటర్వెల్ గంట కొడితే చాలు, పిల్లలు నా మీద పడేవాళ్ళు. ఒకడు ఇటు తలదూర్చి మేకలా అరిస్తే అటువైపున్నది కిలకిల నవ్వేది. కచ్చి కొట్టుకున్నవాళ్ళు నా ద్వారానే మళ్ళీ పలకరించుకునేవాళ్ళు. లెక్కల పరీక్ష రోజు జవాబులు కూడా నా కడుపులోంచే అటూ ఇటూ పోయాయి, నేనేం పట్టించుకోలేదు. జీడితోట పుట్ట దగ్గరికి వెళ్ళాలంటే వణికిపోయే పిల్లగుంటలు నా నెత్తికెక్కి దూకేవాళ్ళు.

వాళ్ళలో నాకు కావలసిన పిల్ల ఒకతి ఉంది. పేరు ఝాన్సీ. ఏడో తరగతి. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ దాన్ని పలకడమే ఆ పిల్లకు ప్రాణసంకటం. ఝ దగ్గరే బండి ఆగిపోయేది, మెడ నరాలు బిగుసుకునేవి, కళ్ళు మూతపడేవి. క్లాసులో పేరు చెప్పమంటే మిగతావాళ్ళు ముందే నవ్వడం మొదలెట్టేవాళ్ళు. అందుకని మాట్లాడటమే మానేసింది. వాళ్ళమ్మ సన్యాసమ్మ బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతుంది. కూతురికి నత్తి పోవాలని ఆమె ఎక్కని గుడి మెట్టు లేదు, మొక్కని దేవుడు లేడు.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ కంచాల దగ్గర ఉండగా ఝాన్సీ ఒక్కతే వచ్చి నా కన్నంలో తలపెట్టింది. ఏదో గొణిగింది. గొట్టంలో తన గొంతు కాస్త ఆలస్యంగా తనకే తిరిగొచ్చింది. ఆ గొంతును పట్టుకుని ఇంకో మాట అంది, తర్వాత ఇంకోటి. అడ్డం పడలేదు.  అటువైపు నీడన కూర్చుని అన్నం తింటున్న కుసుమ టీచరుకూ అది వినబడింది. ఆమె ఏమీ తెలియనట్టు నోరు దగ్గర పెట్టి, "ఇంకా చెప్పు తల్లీ," అంది.

అప్పట్నించి రోజూ మధ్యాహ్నం వాళ్ళిద్దరికీ నేనే కాలువ. ఝాన్సీ ముందుగా, "టీచర్, వినబడుతోందా?" అనేది. అటునుంచి, "వినబడుతోంది తల్లీ, చెప్పు," అని వచ్చేది. కుసుమ టీచరు ఆడపిల్లలందరినీ తల్లీ అనే పిలుస్తుంది, ఈ మాట దగ్గరే నా కొంప మునిగింది గనక చెబుతున్నాను. మొదట పాఠాలు అప్పజెప్పేది. తర్వాత వాళ్ళ కోడిపెట్ట గుడ్లు పెట్టే చోటు మార్చడం, పక్కింటి గుంటడు జామకాయ దొంగిలించి నేరం తన మీద తోసెయ్యడం, అన్నీ చెప్పేది. చదువుకున్నవాళ్ళు ఉపన్యాసాలు దంచుతారే, అలాంటివి తర్వాత నా ఎదుట ఎన్నో అయ్యాయి. ఆ కోడిపెట్ట కబురంత బాగా ఒక్కటీ లేదు.

కొన్నాళ్ళకు ఆ ధైర్యం బయటికి కూడా వచ్చింది. ఒకరోజు ప్రార్థనలో ఝాన్సీ ముందుకొచ్చి ప్రతిజ్ఞ చెప్పింది. అక్కడక్కడా తడబడింది గానీ ఆగలేదు. వంటపాక గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ సన్యాసమ్మ బొమ్మలా అయిపోయింది. నేను గర్వపడ్డాను. సిమెంటుకు గర్వమేమిటంటారా? నాయకుల విగ్రహాలకు ఉంటే లేని తప్పు, నాకుంటే వచ్చిందా?

మర్నాడు మధ్యాహ్నం సన్యాసమ్మ కూతురి వెనకాలే వచ్చింది. ఇటువైపు నుంచి ఆమెకు కనబడింది ఇది: కూతురు పుట్టలో తలపెట్టి గడగడా మాట్లాడుతోంది. నేను మనిషెత్తు ఉంటాను గనక అవతల కూర్చున్న టీచరు కనబడలేదు. నా లోపల్నుంచి మెత్తగా, "ఇంకొక్కసారి చెప్పు తల్లీ," అని వినబడింది.

సన్యాసమ్మ గరిటెతో సహా నేలమీద కూలబడింది. "తల్లి పలికినాది," అంది. "నా గుంటతో నాగమ్మ తల్లి పలికినాది."

మర్నాడు పొద్దున బడి తెరిచేసరికి నా ఒంటికి పసుపు, కుంకుమ బొట్లు, కన్నం ముందు కొబ్బరిచెక్కలు. నిజం చెప్పొద్దూ, మొదట నాకూ ముచ్చటేసింది. ఎవరు మాత్రం బొట్టు పెడితే వద్దంటారు? కుసుమ టీచరు మాత్రం వంటపాకకు వెళ్ళి నెమ్మదిగా చెప్పింది.

"సన్యాసమ్మా, నిన్న మాట్లాడింది నేనే. అవతల గొట్టం దగ్గర కూర్చున్నాను. కావాలంటే నువ్వే వచ్చి విను."

సన్యాసమ్మ బియ్యం కడుగుతూ తల పైకెత్తింది. "మీరే అనుకోండమ్మా. మరి మీ నోట్లోంచి పలికించినాది ఎవలు?"

ఆ ప్రశ్న సైన్సు పుస్తకంలోది కాదు. కుసుమ టీచరు తిరిగి వచ్చేసింది.

పాత పుట్ట పోయిన చోటే కొత్త పుట్ట లేచింది, నత్తి పిల్లకు మాట ఇచ్చింది అని ఊరంతా పాకింది. దాన్ని లేపింది సూరి మాస్టారని, పక్కన సిమెంటు బస్తాలు కూడా చూశామని ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆ యేడు నాగుల చవితికి జీడితోట పుట్ట దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. చలిమిడి, చిమ్మిలి, కోడిగుడ్లు, చెంబుల కొద్దీ పాలు పట్టుకుని అంతా బళ్ళోకి వచ్చారు. ఆ పాలన్నీ నా గొట్టాల్లో పోశారు. నిజం పుట్ట అయితే తాగేస్తుంది, పీవీసీ గొట్టం ఎక్కడ తాగుతుంది? పాలు విరిగి, పులిసి, పురుగు పట్టాయి. గుడ్లు కుళ్ళాయి. పిల్లలు ముక్కు మూసుకుని దూరం జరిగారు.

అంతటితో అయిందా? చవితినాడు పుట్టమన్ను చెవులకు పెట్టుకోవడం ఆచారం. నా దగ్గర మన్నెక్కడిది? పైన పిల్లలు పూసిన పూత ఉంది కదా, దాన్ని చెంచాలతో, తాళంచెవులతో గీకి గీకి పట్టుకుపోయారు. లోపలి మెష్షు బయటపడింది. ప్రెసిడెంటు గారి భార్య గీకిన మన్ను ఆయన చెవికి పెట్టింది. అదే వారం ఆయన విజయనగరం వెళ్ళి డాక్టరు దగ్గర చుక్కల మందు కూడా వేయించుకున్నారు. చెవిపోటు తగ్గింది. మందు పేరు ఎవరూ ఎత్తలేదు. రామ్మూర్తి గారు చెవిలో దూది తీసేసి, నా చుట్టూ కటకటాలు కట్టిస్తానని, నాకు ఐదు పడగలు పెట్టిస్తానని మొక్కేసుకున్నారు. హెడ్మాస్టరు గారు చెప్పులు విప్పి లోనికి రావలెనని బోర్డు రాయించారు. పిల్లలు దగ్గరికి రాకూడదని వేరే చెప్పక్కర్లేకపోయింది.

కుసుమ టీచరు ఒప్పుకోలేదు. మొక్కుకునేవాళ్ళు జీడితోటలో మొక్కుకోవచ్చు, ఇది పిల్లలది, కన్నాలు కడిగి తెరిచే ఉంచాలి అంది. మాటా మాటా పెరిగి, చివరికి బడి వరండాలో అందరూ కూర్చుని తేల్చుకుందాం అనుకున్నారు. "ఎవరి మాటా వద్దు. ఝాన్సీని అడగండి. తనకు మాట ఎలా వచ్చిందో తనే చెబుతుంది," అంది టీచరు. ఆ పిల్ల మీద ఆమెకంత నమ్మకం. నాకు అంతకంటే ఎక్కువ. నా చెవులు ఉంటాయా పోతాయా అన్నది ఆ పిల్ల ఒక్క మాట మీద ఉంది, ఇక భయమేమిటి అనుకున్నాను.

ఆ ముందురోజు మధ్యాహ్నం కుసుమ టీచరు పక్క ఊళ్ళో శిక్షణ తరగతికి వెళ్ళింది. సన్యాసమ్మ కూతురి చెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వాసనకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, అ... అది టీ... టీచరే," అంది ఝాన్సీ.

"నాకు తెలీదనుకున్నావేటే?" అంది సన్యాసమ్మ. ఆ మాటకు నేనే అదిరిపడ్డాను. "కొన్నాళ్ళకి నాకూ అనుమానమొచ్చినాది. కానీ ఊరందరికీ నేను తల్లి పలికినాదని సెప్పీసినాను. పెసిడెంటు గోరు మొక్కీసినారు. ఇప్పుడు టీచరమ్మని నువ్వంటే ఈ ఊళ్ళో నా మాట ఏటైపోతాదే? నీ మాట కోసం ఎన్ని కొండలెక్కినానో నీకు తెలీదా? నీకు మాటొచ్చినాది. నా మాట పోనీకే అమ్మీ."

ఝాన్సీ మోకాళ్ళ మీద వంగి, ఆ విరిగిన పాల కంపులోనే నా కన్నంలో తలపెట్టింది. టీచర్ వినబడుతోందా అని అడగలేదు. సన్యాసమ్మ నేర్పిన వాక్యం అంది. మొదటిసారి న దగ్గర ఆగింది. రెండోసారి కాస్త ముందుకు సాగింది. నా గొట్టం మూగదేం కాదు, వచ్చిన గొంతును తిప్పి పంపడమే దాని అలవాటు, అలాగే పంపింది. ఆ పిల్ల తన గొంతును పట్టుకుని, ఎక్కడా తడబడకుండా వచ్చేదాకా అనుకుంటూనే ఉంది. మాట రాని పిల్లకు మాట నేర్పాను గదా, నా మీద అబద్ధం చెప్పడానికి కూడా నేనే నేర్పాను. ఇంత నవ్వులాట ఇంకెవరికైనా జరిగిందా?

మర్నాడు వరండాలో రామ్మూర్తి గారు కుర్చీ ముందుకు జరుపుకుని, "భయపడకు గుంటా, నీకు మాట ఎవలిచ్చినారో సెప్పు," అన్నారు.

ఝాన్సీ లేచి నిలబడింది. టీచరు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"నాకు మాట నాగమ్మ తల్లే ఇచ్చింది," అంది. గుక్క తిప్పుకోకుండా, అందరికీ వినబడేలా అంది.

జనం దణ్ణాలు పెట్టారు. సన్యాసమ్మ కళ్ళు తుడుచుకుంది.  ఆ పిల్ల అంత తేటగా అంతమందిలో మాట్లాడటం కుసుమ టీచరు కల. అది నిజమైన రోజు ఇలా వచ్చింది. ఆమె కాదనలేదు. కాదంటే, అంతమందిలో ఆ పిల్లను అబద్ధాలకోరని అనాలి. నెమ్మదిగా లేచి క్లాసుకు వెళ్ళిపోయింది. ఆమె మంచితనం ఆమెకు బాగానే ఉండి ఉంటుంది. నా గతి ఏమిటని మాత్రం ఆలోచించలేదు, ఆ సంగతి నేను మర్చిపోలేను.

పడగలు పెట్టడానికి ఎవరొచ్చారనుకున్నారు? సూరి మాస్టారే. సిమెంటు బొచ్చె నా ముందు దించి, చాలాసేపు బీడీ కాల్చాడు. నన్ను తడిమాడు. గీకిన చోట బయటపడ్డ మెష్షు మీద వేలు పెట్టాడు. అయ్యో అంటాడేమో, ఇది పుట్ట కాదు బాబూ, పిల్లల బొమ్మ, నేను కట్టాను అని ఒక్క ముక్క అంటాడేమో అని ఎదురుచూశాను. ఊళ్ళో ఆయన మాట చెల్లేది. ఈ పుట్టకు తండ్రి ఆయనే కదా.

"మాస్టారూ, మీరు కూడానా?" అంది కుసుమ టీచరు, క్లాసు గుమ్మంలోంచి.

ఆయన తలెత్తలేదు. "నాను కట్టిందానికి జనం మొక్కుతుంటే ఒద్దని నాను ఎలా అంతానమ్మా? నాయకులికి కాకులు తప్ప ఎవులూ రారు. దీనికి దండలేస్తన్నారు." ఆ గొంతులో సిగ్గు ఉంది, కాదనను. సిగ్గు వెనకాల సంతోషం కూడా ఉంది. 

ఏ చేత్తో గోనెపట్టాలు లాగి నాకు చెవులు తెరిచాడో ఆ చేత్తోనే తడి సిమెంటు ముద్దలు కన్నాల్లో కుక్కాడు. నోట్లో మట్టి కొట్టారని మీరు మాటవరసకు అంటుంటారు, నాకది అక్షరాలా జరిగింది. పాలు పోయడానికి కింద ఒక కన్నం మాత్రం వదిలాడు. పైన ఐదు పడగలు లేపాడు. ఆఖరున, పద్ధతి ప్రకారం, కుంచెతో ఆ పడగలకు కళ్ళు తెరిచాడు. ఇప్పుడు నాకు పది కళ్ళు. వాటితో చూడవలసింది ఏమీ లేదు.

తర్వాతి కథ చప్పటిది. బదిలీల్లో కుసుమ టీచరు పార్వతీపురం వైపు వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు కటకటాల బయట నిలబడి నన్ను చూసింది, చెప్పులు విప్పనందుకు ఎవరో కసిరారు. ప్రతి చవితికీ పక్క ఊళ్ళ జనం వస్తారు. ప్రతిసారీ ఝాన్సీని కొత్త పరికిణీ కట్టించి నా పక్కన నిలబెడతారు. ఆ పిల్ల ఆ వాక్యం చెబుతుంది. ఒక్క అక్షరం తడబడదు. కానీ పక్కకు వెళ్ళి మంచినీళ్ళు అడగాలంటే మ దగ్గర ఆగిపోతుంది. మధ్యాహ్నాల మాటలు పోయాక నత్తి మళ్ళీ వచ్చేసింది. ఆ ఒక్క వాక్యం తప్ప ఆ పిల్లకు ఏ మాటా మిగల్లేదు. అది ఎవరూ గమనించరు, ఎందుకంటే ఆ పిల్లను ఎవరూ ఇంకేమీ అడగరు.

గుడ్లకూ చలిమిడికీ ఎలుకలు చేరాయి. ఎలుకల కోసం, అడుగున తుప్పుపట్టి ఊడిన మెష్షు సందులోంచి ఒకరోజు నిజంగానే నాగుపాము వచ్చింది. ఇప్పుడు నా కడుపులోనే చుట్టచుట్టుకుని పడుకుంటుంది. దాని మీద నాకు కోపం లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాతో అబద్ధం ఆడనిది అదొక్కటే. దాన్ని చూసినప్పట్నించి ఊరికి నేను నూటికి నూరుపాళ్ళు పుట్టనైపోయాను. బడి పిల్లలు ఇటువైపు నడవడమే మానేశారు. భయం లేకుండా దగ్గరికి రావడానికి కదా నన్ను కట్టింది.

కొసకు వచ్చాను. మొన్న, పదో తరగతి పరీక్షలైపోయి బడి ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం, ఝాన్సీ వచ్చింది. ఇంటర్ చదవడానికి విజయనగరం హాస్టలుకు వెళ్తోందని వంటపాకలో వాళ్ళమ్మ ఎవరితోనో అంటే విన్నాను. కటకటాల తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మిగిలిన ఒక్క కన్నం దగ్గర నోరు పెట్టింది. మళ్ళీ ఆ వాక్యమే చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు.

"టీ... టీచర్," అంది. చాలా కష్టపడింది. "వి... వినబడుతోందా?"

చెవి ఆనించి అలాగే ఉండిపోయింది. లోపల పాము కదల్లేదు. పాముకు మనలాగా చెవులుండవని ఏడో తరగతిలోనే కుసుమ టీచరు చెప్పింది, ఝాన్సీ కూడా విన్నది. ఊరంతా తమ కష్టాలు దానికే చెప్పుకుంటున్నారు.

నాకు వినబడింది. ఆ పిల్ల మీద నా కోపం చల్లారిందని చెప్పను, చల్లారలేదు. అయినా వినబడింది తల్లీ, చెప్పు అనాలని నా ఒళ్ళంతా కొట్టుకుంది. కానీ నా నోరంటే అవతలి కన్నమే కదా. అక్కడ సూరి మాస్టారి సిమెంటు ఉంది.

ఆ పిల్ల లేచింది. చెవులకు పెట్టుకోవడానికి పుట్టమన్ను కోసం నన్ను వేలితో గీకింది. మన్ను ఎప్పుడో అయిపోయింది. వేలికి తుప్పు అంటింది. దాన్నే రెండు చెవులకూ రాసుకుని, కటకటాల తలుపు వేసి వెళ్ళిపోయింది.